వియన్నాలో నడిపామె కనపడకుండా పోయిన రోజు

కువైట్‌లో, షర్క్‌లోని ఒక ట్రావెల్ ఆఫీసు కౌంటరు వెనక కూర్చుని నేను చాలా ఏళ్ళు యూరప్‌ను అమ్మాను. ఒక్కసారి కూడా చూడకుండానే అమ్మాను. పారిస్‌లో ఏ హోటల్ కిటికీలోంచి టవరు కనిపిస్తుందో, వియన్నాలో ఏ రాజభవనానికి ఏ వేళప్పుడు వెళ్తే జనం తక్కువగా ఉంటారో గడగడా చెప్పేసేదాన్ని. "మీరెన్నిసార్లు వెళ్ళొచ్చారు మేడమ్?" అని కస్టమర్లు అడిగితే నవ్వేసి, కంప్యూటర్‌లోకి చూస్తున్నట్టు నటించేదాన్ని.

ఇప్పుడు రిటైరై కాకినాడలో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ సర్వీసులో మర్చిపోలేని గ్రూపు ఏదండీ అని అడుగుతుంటారు. బస్సులకి బస్సులు నింపి పంపించిన గ్రూపులున్నాయి. కోటీశ్వరుల కుటుంబాలున్నాయి. మర్చిపోలేనిది మాత్రం ముగ్గురంటే ముగ్గురున్న గ్రూపు. ఆ ముగ్గురితో వెళ్ళొచ్చాకే నాకు బీపీ మాత్ర అలవాటైంది.

ఒక శుక్రవారం సాయంత్రం, సెలవు రోజు చీరలు కట్టుకుని, ముగ్గురు ఆడవాళ్ళు ఆఫీసు అద్దాల తలుపు తోసుకుని లోపలికొచ్చారు. కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళు. రుమైథియాలో పక్కపక్క వీధుల్లో మూడు కువైటీ ఇళ్ళలో పనిచేస్తున్నారు. పేర్లు రాయడం నాకిష్టం లేదు. వాళ్ళలో వాళ్ళు ఎలా పిలుచుకునేవాళ్ళో అలాగే చెప్తాను. పెద్దామె వంటమనిషి, నోరున్న మనిషి. చిన్నామె పిల్లల్ని చూసుకునేది, ప్రతిదానికీ నవ్వేది. మధ్యలో నడిపామె. ఆమె ఒక పెద్దింట్లో అన్ని పనులూ చేసేది. మాట్లాడటం తక్కువ. మనం మాట్లాడుతుంటే మన మొహంలోకి కాకుండా మన చేతులవైపు చూసేది.

ఊరికి టికెట్లనుకుని, "ఏ ఎయిర్‌పోర్టుకమ్మా?" అన్నాను.

"ఊరికి గాదు మేడమ్మా," అంది పెద్దామె. "పారిస్, వియన్నా. సూసేదానికి."

నేను కాస్త తడబడ్డాను. "మామా వాళ్ళతో వెళ్తున్నారా?" అన్నాను. పనిచేసే ఇంటి యజమానురాలిని అక్కడ మామా అనే పిలుస్తారు.

"మామాతో ఎన్నోతూర్లు పోయినాం. ఎండాకాలమొస్తే వాళ్ళు యాడికి పోతే ఆడికి మేమూ పోతాంటాం గదా. పోయినాం గానీ సూల్యా. ఫ్లాటులో అంట్లు, పిలకాయలు, వంట. మళ్ళా ఏరోప్లేను. ఈతూరి మేం ముగ్గురమే పోవాల. సెలవడిగినాం, ఇచ్చినారు."

చిన్నామె పకపకా నవ్వింది. నడిపామె కౌంటరు మీదున్న బ్రోచర్ని తనవైపు తిప్పుకుని బొమ్మలు చూస్తోంది.

మా మేనేజర్ది కరీంనగర్ వైపు. సంగతి విని కుర్చీలోంచి లేచాడు. "మేడమ్, ఇండ్లల్ల పనిజేసేటోళ్ళు టూరిస్టు వీసా మీద పోతరా? పోయినోళ్ళు ఆడ్నే ఉండిపోతే? మన ఆఫీసు పేరు ఖలాస్." ఆయన భయం ఉత్తిది కాదు. వేరే ఆఫీసు గ్రూపులో ఒకాయన పారిస్‌లో సిగరెట్ కాల్చుకొస్తానని బస్సు దిగి మళ్ళీ ఎక్కలేదట. ఆ తర్వాత చాలాకాలం ఆ ఆఫీసు పంపే ఏ కాగితాన్నీ ఎంబసీ ఒక పట్టాన నమ్మలేదట. ఆ కథ షర్క్‌లో ఉన్న ప్రతి ట్రావెల్ ఆఫీసుకీ తెలుసు.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆఫీసు మనిషి ఒకరు వెంట వెళ్ళాలి. ఆ మనిషిని నేనే. నా సెలవులు ఎలాగూ మిగిలిపోయి ఉన్నాయి. పైగా, అమ్మినదాన్ని ఒక్కసారి కళ్ళతో చూడాలన్న ఆశ నాకూ లేకపోలేదు.

వీసాలొచ్చే వరకూ నాకు అన్నం సయించలేదు. మూడు ఇళ్ళకీ వెళ్ళి ముగ్గురు యజమానురాళ్ళతో మాట్లాడాను. నడిపామె వాళ్ళ మామా పెద్దావిడ, మోకాళ్ళ నొప్పుల మనిషి. టీ ఇప్పించి, నా చెయ్యి పట్టుకుని ఒక్కమాటే అడిగింది, "తిరిగి తీసుకొస్తావు కదా?" తీసుకొస్తానన్నాను.

బయలుదేరే ముందు మేనేజర్ మళ్ళీ చెప్పాడు. "పాస్‌పోర్టులు మూడూ మీ బ్యాగులనే ఉండాలె. ఎవ్వరి చేతికీ ఇయ్యొద్దు."

పారిస్‌లో విమానం దిగి, తనిఖీ అయిపోయి, సామాన్లు తీసుకునే చోటికి రాగానే చెయ్యి చాపాను. పెద్దామె తన పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. చిన్నామె కూడా పెట్టింది. నడిపామె తనదాన్ని రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"ఈడ గూడానా మేడమ్మా?"

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది. కువైట్‌లో వాళ్ళ పాస్‌పోర్టులు ఎప్పుడూ మామాల బీరువాల్లోనే ఉంటాయి. నాకు మాత్రం చాపిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియలేదు. మిగతా ఇద్దరివీ వెనక్కిచ్చేశాను. "ఎవరిది వాళ్ళే ఉంచుకోండమ్మా. జాగ్రత్త," అన్నాను. ఆ నిమిషం ఒళ్ళు తేలికైనట్టనిపించింది. టాక్సీ హోటల్ చేరేలోపే ఆ తేలికంతా పోయింది.

పారిస్‌లో నేను చూసింది వీళ్ళ మూడు తలలే. టవరు దగ్గర జనం పైకి చూస్తుంటే నేను పక్కకి చూస్తూ లెక్కపెట్టుకునేదాన్ని. ఒకటి, రెండు, మూడు. పడవలో, మెట్రోలో, చర్చిలో అదే లెక్క. వాళ్ళు మాత్రం చిన్నపిల్లలైపోయారు. పెద్దామె హోటల్ గదిలోకి చింతకాయ తొక్కు, కరివేపాకు కారం తెచ్చుకుని, పొడుగాటి రొట్టెను చీల్చి అందులో పూసి ముగ్గురికీ పంచేది. రాజభవనంలో బంగారు పూత పూసిన గదులన్నీ చూసి బయటికొచ్చాక ఆమె అన్న మాట ఇప్పటికీ తల్చుకుని నవ్వుకుంటాను. "బాగుండాది మేడమ్మా. ఇదంతా తుడిసేదానికి ఎంతమందిని పెట్టుకుండిరో, పాపం."

రైల్లో వియన్నా చేరాం. రెండో రోజు నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద చిత్రకళా మ్యూజియంకి తీసుకెళ్ళాను. రాతి మెట్లు, గోడల నిండా మనిషెత్తు పటాలు. చేపల అంగడి బొమ్మ ఒకటి కనపడితే చిన్నామె ఆగిపోయింది. "సూడండి మేడమ్మా, మన షర్క్ మార్కెట్టు మాదిరే! ఆ యమ్మ సూడు, బేరమాడతాంది." నేనూ ఆ బొమ్మను చూడటంలో పడ్డాను. ఆ ప్రయాణం మొత్తంలో తలలు లెక్కపెట్టడం మర్చిపోయి ఒక బొమ్మను బొమ్మలా చూసింది అప్పుడే.

తలతిప్పి చూస్తే ఇద్దరే ఉన్నారు.

"నడిపక్క బయట మెట్ల మీద కూసుంటానని పాయ," అంది చిన్నామె. "కాళ్ళు నొప్పులంట."

మెట్ల దగ్గరికి వెళ్ళాం. లేదు. లోపల బాత్రూముల దగ్గర, కాఫీ అమ్మే చోట, సామాన్లు దాచే చోట వెతికాం. ఎదురుగా రాణి విగ్రహం, చుట్టూ చెట్లు, బెంచీలు. ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే మోగలేదు. వాళ్ళ ముగ్గురి ఫోన్లూ హోటల్లో వైఫై ఉంటేనే పనిచేసేవి. హోటల్‌కి ఫోన్ చేస్తే, రాలేదన్నారు.

ఎండ చురుక్కుమంటోంది. ఆ విగ్రహం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. ఆమె కట్టుకున్న గులాబీరంగు చీర కోసం చూస్తున్నాను. వియన్నాలో గులాబీరంగు చీరను వెతకడం ఎంత తేలికో అనుకుంటారు మీరు. లేనిదాన్ని వెతకడం ఎక్కడైనా ఒకటే.

మెట్ల మీద కూలబడి, చివరికి చిన్నామెని అడిగేశాను. "నిజం చెప్పమ్మా. ఆమెకి ఇక్కడ తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఉండిపోతానని ఎప్పుడైనా అందా?"

ఎప్పుడూ నవ్వే ఆ పిల్ల భోరుమంది. "నాకు తెల్దు మేడమ్మా. ఒట్టు, నాకేం తెల్దు."

పెద్దామె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "పారిపోయిందనుకుంటాండావా మేడమ్మా? పాస్‌పోర్టు ఇస్తివే, అందుకా? దానికి పారిపోవాలని ఉంటే ఇన్నేండ్లు ఎవురు పట్టుకున్యారు? దావ తప్పింటాది. ఎతుకుదాం పా."

మేనేజర్‌కి చెప్పక తప్పదు. చెప్పాను. "పాస్‌పోర్టు ఆమెకెందుకిచ్చిండ్రు మేడమ్?" అన్నాడు. "ఇగ ఒకటే దారి. సాయంత్రం లోపల పోలీసుస్టేషన్‌ల రాసియ్యుండ్రి, గ్రూపు విడిచి పోయిందని. ఆలస్యమైతే మనం దాచిపెట్టినట్టయితది. ఆఫీసు, మీరు, ఆ ఇద్దరు ఆడోళ్ళు, అందరం ఇరుక్కుంటం."

ఆయన చెప్పింది రూలు ప్రకారం సరైనదే. కానీ అలా రాసిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అక్కడ వీసా పోతుంది. కబురు కువైట్‌కి వెళ్తుంది. పారిపోయిన పనిమనిషని ముద్ర పడ్డాక, కువైట్‌లో ఉండనిచ్చే ఆమె ఇఖామాకి దిక్కుండదు. ఒకవేళ ఆమె నిజంగా దారే తప్పి ఉంటే, గంట తర్వాత కనపడినా సరే, నేను రాసిచ్చిన ఆ ఒక్క వాక్యం ఆమె బతుకును మార్చేస్తుంది. రాయకపోతే, ఆమె నిజంగానే వెళ్ళిపోయి ఉంటే, ఈ ఇద్దరి ముఖం మీద రుమైథియాలో తలుపులు మూసుకుంటాయి.

"కాసేపు ఆగుతాను," అన్నాను.

"మీ ఇష్టం. తర్వాత నన్ననకుండ్రి," అని పెట్టేశాడు.

అప్పుడే మళ్ళీ ఫోన్ మోగింది. నడిపామె వాళ్ళ మామా. బయలుదేరినప్పటి నుంచి రోజూ ఒకసారి ఆమెతో వీడియోలో మాట్లాడటం అలవాటు. ఆమె దొరకక నాకు చేసింది. తెర మీద ఆవిడ ముఖం, వెనక ఏసీ చప్పుడు.

"వేన్ హియ్యా?" ఎక్కడుంది తను, అని అడిగింది.

మ్యూజియంలో ఉంది, ఫోన్ పనిచేయడం లేదు అని చెప్పడం ఎంత సులువో. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. పక్కనే పెద్దామె నిలబడి నా నోటివైపే చూస్తోంది. నాకు తెలిసిన అరబీలో ఉన్నదున్నట్టు చెప్పాను. కనపడటం లేదు మామా. మ్యూజియంలోంచి బయటికొచ్చింది. వెతుకుతున్నాం. ఎక్కడికెళ్ళిందో తెలియదు.

అరుస్తుందనుకున్నాను. పోలీసులకి చెప్పమంటుందనుకున్నాను. ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యి రాసుకుంటోంది. కాసేపటికి, "మీరిప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు?" అంది.

"వియన్నా."

"వియన్నా," అని తనలో తాను అనుకుంది. "అక్కడ మేం ఒక ఎండాకాలమంతా ఉన్నాం. ఇల్లు పైఅంతస్తులో. వంటింటి కిటికీలోంచి ఒక చర్చి కనపడేది. ఆకుపచ్చ గుమ్మటం. ముందు పెద్ద నీళ్ళ కొలను. పిల్లలు, కుర్రాళ్ళు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. తను చేతిలో గుడ్డ పట్టుకుని ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయేది. టీ అడిగితే వినపడేది కాదు. నేను తిట్టేదాన్ని." తర్వాత, "అక్కడ చూడు," అంది.

ఆకుపచ్చ గుమ్మటం, ముందు కొలను. ఆ చర్చిని నేను బ్రోచర్లలో ఎన్నిసార్లు చూపించానో. మ్యూజియం నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరం. ట్రాముల కోసం చూడకుండా ముగ్గురం పరుగులాంటి నడకతో బయలుదేరాం. దారిలో ఒక చోట రెడ్ సిగ్నల్ పడితే, ఒక్క కారూ లేకపోయినా జనమంతా బుద్ధిగా ఆగి నిలబడ్డారు. పెద్దామె, "యల్లా, యల్లా, పా!" అంటూ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేసింది. అక్కడ కూడా లేకపోతే? ఆ తర్వాత వెతకడానికి నా దగ్గర ఇంకో చోటు లేదు. పోలీసుస్టేషనే.

ముందు గుమ్మటం కనపడింది. తర్వాత చెట్లు. తర్వాత కొలను.

అంచు మీద వరసగా కూర్చున్న కుర్రకారు మధ్యలో గులాబీరంగు చీర. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని, రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టుకుని, పక్కన చెప్పులు జాగ్రత్తగా జత చేసి పెట్టుకుని కూర్చుంది.

పెద్దామె వెళ్ళి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏమ్మే, సచ్చిపోయినావనుకుంటిమి గదే!" అని తిడుతూనే ఆమె తలను పొట్టకి హత్తుకుని ఏడ్చేసింది. చిన్నామె చెప్పులు కూడా విప్పకుండా నీళ్ళలోకి దిగిపోయింది. నేను అంచు మీద కూలబడ్డాను.

"ఎక్కడికెళ్ళిపోయావే తల్లీ! ప్రాణాలు తోడేశావు కదా!" అన్నాను.

ఆమె మొహం కూడా ఏడ్చినట్టే ఉంది. మెట్ల మీద కూర్చుంటే చెట్ల సందులోంచి దూరంగా ఆ పచ్చ గుమ్మటం కొసలాంటిది ఏదో కనిపించిందట. కొంచెం ముందుకెళ్ళి చూసొద్దామని లేచిందట. అది వేరే గుమ్మటమట. అక్కడినుంచి ఇంకో వీధి, ఇంకో వీధి. నిజమైన గుమ్మటం దగ్గరికి చేరేసరికి వచ్చిన దారి మర్చిపోయింది.

"ఎవరినైనా అడగొచ్చు కదమ్మా. పోలీసులుంటారు కదా."

"పోలీసులు ఈ పక్కనే పోయినారు మేడమ్మా. నేను తల దించుకున్యా. భయమేసింది. నన్ను యాడికి తీస్కపోతారో అని." తర్వాత చెయ్యెత్తి ఎదురుగా ఉన్న పాత మేడను చూపించింది. "అదే మా కిటికీ. పైన, ఆ కొసాన ఉండాదే, అది. ఆడ ఎవురో ఒక పిల్ల అంట్లు కడగతా నిలబడి ఉండింది. నేను సెయ్యి ఊపినా. ముందు సూల్యా. మళ్ళా ఊపినా. తడి సెయ్యి తుడుసుకోని ఆ పిల్లా ఊపింది."

నేను ఆ కిటికీవైపు చూశాను. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. తలుపు సగం తెరిచి ఉంది.

మేనేజర్‌కి ఫోన్ చేసి దొరికిందని చెప్పాను. "మంచిది," అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. కువైట్ వచ్చాక నాతో కొన్నాళ్ళు పొడిపొడిగా ఉన్నాడు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ గ్రూపును మళ్ళీ నా చేతిలో పెట్టలేదు. అలాగని నా మీద పైకి రాసిందీ లేదు. చాలా రోజుల తర్వాత, ఆఫీసులో టీ తాగుతూ, "ఆ రోజు నాకు గూడ అన్నం దిగలే మేడమ్," అన్నాడు. ఎవరి భయం వాళ్ళది.

పిల్లలూ, గ్రూపుకి తోడుగా వెళ్ళేటప్పుడు మీకు చాలా జాగ్రత్తలు చెప్తారు. అవన్నీ పాటించండి. తలలు లెక్కపెట్టండి. ఫోన్లన్నీ పనిచేస్తున్నాయో లేదో మొదటి రోజే చూసుకోండి, అది మేం చేయలేదు. నేను ఇంకొక్కటి మాత్రం కలుపుతాను. వెంట వచ్చినవాళ్ళు ఏం చూడాలని వచ్చారో ముందే అడగండి. నేను మ్యూజియం గురించీ రాజభవనం గురించీ అన్నీ చెప్పాను. ఆమెను ఆ ఒక్క ప్రశ్న అడగడం నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం, మామాకి కబురు చెప్పాలి కదా అని, ఆ కొలను గట్టు మీద నుంచే ఫోన్ కలిపి నడిపామె చేతికిచ్చాను. ఆమె ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని, కాళ్ళు నీళ్ళలోంచి తియ్యకుండానే మాట్లాడింది. అటువైపు నుంచి మామా గొంతు ఎక్కువగా వినపడుతోంది. మధ్యమధ్యలో ముక్కు చీదుతున్న చప్పుడు. నడిపామె ఊఁ కొడుతోంది. ఫోన్‌ను వెనక్కి తిప్పి, చర్చిని, నీళ్ళను, పైన ఆ కిటికీని చూపించింది. మళ్ళీ తనవైపు తిప్పుకుంది. కాసేపు వింది. తర్వాత అరబీలో ఏదో చిన్న మాట చెప్పి ఫోన్ నాకిచ్చేసింది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఏడస్తాంది మేడమ్మా. ఇంగ రానేమో అనుకున్యాదంట. ఈడ తిరిగింది సాలు, రేపే ఏరోప్లేనెక్కి వచ్చేయమంటాంది. టికెట్టు ఆమే మారుస్చాదంట."

"మరి నువ్వేమన్నావు?"

ఆమె వంగి రెండు చేతులతో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంది. చీర కొంగుతో తుడుచుకుంది.

"నా సెలవు ఇంగా ఐపోల్యా మామా, అని సెప్పినా."